ఆల్దో వాక్యం కట్టే పద్ధతి

ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు తెరిస్తే ‘ఆల్దో’ అనే మాటకు ఎదురుగా ‘అయినప్పటికీ’ అనో ‘అయినను’ అనో కనిపిస్తుంది. ఆ అర్థం తప్పు కాదు గాని, దాన్ని బట్టీపట్టి వాక్యం రాయబోయినవారిలో చాలామంది అక్కడే కాలు జారుతారు. ‘వర్షం పడింది. అయినప్పటికీ మేము సంతకు వెళ్ళాము’ అనేది చక్కని తెలుగు. ఇందులో అయినప్పటికీ ఉన్న చోట ఆల్దోను కూర్చోబెట్టి ‘ఇట్ రెయిన్డ్. ఆల్దో వీ వెంట్ టు ద మార్కెట్’ అని రాస్తే, ఇంగ్లీషు తెలిసినవారికి అది ‘మేము సంతకు వెళ్ళినా వర్షం పడింది’ అన్నట్టు వినిపిస్తుంది. అంటే మేము వెళ్ళడమే వానకు అడ్డంకి అయిందన్నమాట! రాసినవారు ఒకటి అనుకుంటే చదివినవారికి సరిగ్గా దాని తలకిందుల అర్థం అందుతుంది.

దీనికి కారణం చిన్నదే. తెలుగులో విడిగా నిలిచే ‘అయినప్పటికీ’ ఫలితాన్ని చెప్పే వాక్యానికి ముందు వస్తుంది. ఆల్దో మాత్రం అడ్డంకిని చెప్పే వాక్యానికి ముందు వస్తుంది. వాన అడ్డంకి, సంతకు వెళ్ళడం ఫలితం. కాబట్టి ఆల్దో వాన పక్కన ఉండాలి: ‘ఆల్దో ఇట్ రెయిన్డ్, వీ వెంట్ టు ద మార్కెట్.’ తెలుగులో ఇదే పని చేసేది విడి మాట కాదు, క్రియ చివర అంటుకునే ‘ఇనా’. పడినా, చదివినా, తెలిసినా, లేకపోయినా అనే రూపాలన్నమాట. బడిలో తెలుగు వ్యాకరణం శ్రద్ధగా చదివినవారికి దీని పేరు గుర్తుండే ఉంటుంది, అప్యర్థకం. ‘పడితే’ అనే చేదర్థకానికి ఇంగ్లీషులో ఇఫ్ ఎలాంటిదో, ‘పడినా’ అనే అప్యర్థకానికి ఆల్దో అలాంటిది. ‘పడినప్పటికీ’ అని క్రియకు అంటించి రాసినా ఆల్దోయే వస్తుంది. క్రియను వదిలిపెట్టి వాక్యం మొదట విడిగా నిలబడిన అయినప్పటికీకి మాత్రం హౌఎవర్ అనే మాటో స్టిల్ అనే మాటో తగినది. ఆల్దో విషయంలో నేర్చుకోవలసినదంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

ఇక వాక్యం కట్టే తీరు చూద్దాము. ‘ఒంట్లో బాగాలేకపోయినా పరీక్ష రాసింది’ అనే వాక్యాన్ని తీసుకోండి. ముందుగా ఇనా దగ్గర వాక్యాన్ని రెండుగా కోయాలి. మొదటి ముక్కలోని ఇనాను తీసివేసి, దానిని తన కాళ్ళ మీద తాను నిలబడగల వాక్యంగా మార్చాలి: ‘ఆమెకు ఒంట్లో బాగాలేదు.’ దీన్ని ఇంగ్లీషులో ‘షీ వాజ్ అన్‌వెల్’ అని రాసుకుని, దాని తలకు ఆల్దో తగిలించి, చివర కామా పెట్టి, ఆపైన రెండవ ముక్కను రాస్తే ‘ఆల్దో షీ వాజ్ అన్‌వెల్, షీ రోట్ ద ఎగ్జామ్’ అని పూర్తవుతుంది. తెలుగు వాక్యంలో ‘ఆమె’ అనే మాట ఎక్కడా లేదని గమనించండి. మనకు ‘రాసింది’ అన్న క్రియే కర్తను పట్టి ఇస్తుంది. ఇంగ్లీషులో రెండు ముక్కలకూ కర్త విడివిడిగా కావాలి. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసేవారు మొదటి కర్తను మరచిపోయి ‘ఆల్దో వాజ్ అన్‌వెల్’ అని రాస్తుండడం నేను దిద్దిన కాగితాల్లో తరచుగా చూసిన పొరపాటు.

కర్తతో పాటు మనం కొత్తగా చేర్చవలసినది కాలం. ఇనాకు కాలం లేదు. ‘డబ్బున్నా ఖర్చుపెట్టడు’, ‘డబ్బున్నా ఖర్చుపెట్టలేదు’ అనే రెండు వాక్యాల్లోనూ ‘డబ్బున్నా’ మారలేదు, మారినది చివరి క్రియ ఒక్కటే. ఇంగ్లీషులో మొదటిది ‘ఆల్దో హీ హాజ్ మనీ, హీ డజ్ నాట్ స్పెండ్ ఇట్’ అవుతుంది, రెండవది ‘ఆల్దో హీ హాడ్ మనీ, హీ డిడ్ నాట్ స్పెండ్ ఇట్’ అవుతుంది. అందుచేత తెలుగు వాక్యాన్ని చివరిదాకా విని, చివరి క్రియ ఏ కాలంలో ఉందో చూసుకున్న తరువాతే ఆల్దో పక్కన క్రియను రాయాలి. వ్యతిరేకార్థమైన ‘తెలియకపోయినా’, ‘రాకపోయినా’ వంటి రూపాల్లో నాట్ అనే మాట ఆల్దో ఉన్న ముక్కలోకే వెళ్ళాలి. ‘నాకు దారి తెలియకపోయినా చేరుకున్నాను’ అంటే ‘ఆల్దో ఐ డిడ్ నాట్ నో ద వే, ఐ రీచ్డ్ ద ప్లేస్.’

ఆల్దోతో మొదలుపెట్టి మధ్యలో బట్ పెట్టడం

‘ఆల్దో ఇట్ రెయిన్డ్, బట్ వీ వెంట్’ అని రాయకూడదని ప్రతి ఉపాధ్యాయుడూ చెబుతాడు, ప్రతి తరగతిలోనూ కొందరు అదే రాస్తారు. ఎందుకు రాయకూడదో ముందు చూద్దాము. బట్ రెండు సమానమైన వాక్యాలను కలుపుతుంది. ఆల్దో ఒకదాన్ని తక్కువ చేసి రెండవదానికి అప్పగిస్తుంది. ఆల్దో తగిలిన వాక్యం అప్పటికే రెండవదానికి కట్టుబడి ఉంది కాబట్టి, దాన్ని సమానమైనదిగా భావించి మళ్ళీ బట్‌తో కలపడం కుదరదు. వాక్యంలో ఎదురుదనాన్ని చెప్పే సంయోజకం ఒక్కటి చాలు. ఆల్దో ఉంచితే బట్ తీసివేయాలి, బట్ ఉంచితే ఆల్దో తీసివేయాలి.

మనవాళ్ళే ఈ పొరపాటు ఎందుకు ఇంతగా చేస్తారని అడిగితే నాకు తోచిన సమాధానం ఇది. వాడుక తెలుగులో ‘ఎంత వాన పడినా గానీ వెళ్ళాము’, ‘ఎవరు చెప్పినా గానీ వినలేదు’ అనడం మామూలే. అక్కడ ఇనా పక్కన గానీ చేరడం ఎవరి చెవికీ ఎబ్బెట్టుగా ఉండదు. ఆ గానీయే ఇంగ్లీషులోకి బట్‌గా దిగుతుంది. హైదరాబాదు వంటి చోట్ల ఉర్దూ, హిందీ వింటూ పెరిగినవారికి ఆల్దో వంటి ‘హాలాంకి’ వెనుక బట్ వంటి ‘లేకిన్’ రావడం కూడా అలవాటు. కాబట్టి ఇది తెలివితక్కువ వలన వచ్చిన తప్పు కాదు, ఒక భాష మర్యాదను మరొక భాషకు అంటగట్టడం వలన వచ్చినది. పాత తరం వ్యాకరణ పుస్తకాలు ఆల్దోకు చిన్న రూపమైన ‘దో’ వెనుక ‘యెట్’ వచ్చే జంటను నేర్పాయి. ఆ జంట తప్పు కాదు, కాకపోతే నేటి రాతలో పాతబడినట్టు కనిపిస్తుంది. యెట్, స్టిల్ అనే మాటలు అక్కడ క్రియావిశేషణాలుగా నొక్కు కోసం నిలబడగలవు, బట్ నిలబడలేదు.

కామా సంగతి రెండు మాటల్లో చెప్పవచ్చు. ఆల్దో ముక్క ముందు వస్తే ఆ ముక్క చివర కామా పెట్టాలి. వెనుక వస్తే దాని ముందు కామా పెట్టేవారూ ఉన్నారు, పెట్టనివారూ ఉన్నారు. అసలు పెట్టకూడని చోటు ఆల్దో అనే మాట వెంటనే. ‘ఆల్దో, ఇట్ రెయిన్డ్’ అని రాసేవారు హౌఎవర్ పక్కన చూసిన కామాను ఇక్కడికి మోసుకొచ్చినవారు. హౌఎవర్ విడిగా నిలిచే మాట, అది కొత్త వాక్యాన్ని మొదలుపెట్టి కామా తీసుకుంటుంది. ఆల్దో తన వెనుక వచ్చే వాక్యంతో అతుక్కుని ఉంటుంది. అలాగే ‘ఆల్దో ఇట్ రెయిన్డ్’ అని చెప్పి ఫుల్‌స్టాప్ పెట్టకూడదు. ఇది తెలుగు చెవికి నేర్పనవసరం లేదు. ‘వర్షం పడినా’ అని ఎవరైనా ఆగిపోతే, ‘పడినా... ఏమైంది?’ అని మనమే అడుగుతాము.

ఏ ముక్కకు ఆల్దో తగిలించాలి

పరీక్షల్లో రెండు విడి వాక్యాలు ఇచ్చి ఆల్దోతో కలపమంటారు. ‘హీ వర్క్డ్ హార్డ్. హీ ఫెయిల్డ్’ అని ఇస్తే, ఏ వాక్యానికి ఆల్దో తగిలించాలో తెలియక కొందరు మొదట ఉన్నదానికే తగిలిస్తారు. ఇక్కడ అది సరిపోయింది గాని, ‘హీ ఫెయిల్డ్. హీ హాడ్ వర్క్డ్ హార్డ్’ అని తిరగేసి ఇస్తే ఆ అలవాటు దెబ్బతీస్తుంది. నమ్మదగిన పరీక్ష తెలుగులోనే ఉంది. రెండింటికీ ఇనా తగిలించి చూడండి. ‘కష్టపడినా ఫెయిలయ్యాడు’ అనేది సాఫీగా సాగుతుంది, ‘ఫెయిలయినా కష్టపడ్డాడు’ అనేది మరొక కథ చెబుతుంది. ఏది అనుకున్న అర్థాన్ని ఇస్తుందో దానికే ఆల్దో.

రెండు విధాలుగానూ సాగే వాక్యాలు కొన్ని ఉంటాయి. అసలు రుచి అక్కడే ఉంది. ‘ఇల్లు చిన్నదే అయినా గాలి, వెలుతురు బాగా వస్తాయి’ అన్నవాడు ఆ ఇల్లు అద్దెకు తీసుకుంటాడు. ‘గాలి, వెలుతురు బాగా వచ్చినా ఇల్లు చిన్నది’ అన్నవాడు మరొక ఇల్లు వెతుక్కుంటాడు. ఇద్దరూ చెప్పిన విషయాలు అవే. ఆల్దో ఏ ముక్కకు తగిలిందో అది తేలిపోతుంది, తగలని ముక్క మీద బరువు పడుతుంది. ఉద్యోగానికి దరఖాస్తు రాసేటప్పుడు ఇది బాగా పనికివస్తుంది. ‘ఆల్దో ఐ హావ్ నో ఎక్స్‌పీరియన్స్ ఇన్ సేల్స్, ఐ స్పీక్ త్రీ లాంగ్వేజెస్’ అని రాసినవారు లోపాన్ని ముందుగా ఒప్పుకుని బలాన్ని మిగిల్చారు. అదే విషయాన్ని తిరగేసి ‘ఆల్దో ఐ స్పీక్ త్రీ లాంగ్వేజెస్, ఐ హావ్ నో ఎక్స్‌పీరియన్స్ ఇన్ సేల్స్’ అని రాస్తే, చదివిన అధికారి మనసులో మిగిలేది అనుభవం లేదన్న మాటే. బట్‌తో రాసినప్పుడు ఇంత తేడా ఉండదు. బట్ రెండు విషయాలనూ పక్కపక్కన పెట్టి, రెండవదాని వైపు కొద్దిగా మొగ్గుతుంది, అంతే. మాటల్లో బట్ సహజంగా ఉంటుంది గాని, ఒక లోపాన్ని ఒప్పుకుంటూనే దాన్ని పక్కకు నెట్టాలంటే ఆల్దో మెరుగని నా అభిప్రాయం.

ఇనా ఉన్నచోటల్లా ఆల్దో రాదు

ఇంతవరకు ఇనాను నమ్మమని చెప్పాను. ఇప్పుడు కొంచెం అనుమానించమని చెప్పాలి, ఎందుకంటే తెలుగులో ఇనా చాలా పనులు చేస్తుంది, ఆల్దో వాటిలో ఒక్క పని మాత్రమే చేస్తుంది.

‘వర్షం పడినా వెళ్ళాము’, ‘వర్షం పడినా వెళ్తాము’ అనే వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి వాక్యంలో వర్షం నిజంగా పడింది. రెండవ వాక్యంలో వర్షం ఇంకా పడలేదు, పడుతుందో లేదో కూడా తెలియదు. తెలుగుకు రెండు చోట్లా ఒకే రూపం చాలు. ఇంగ్లీషు ఇక్కడ గీత గీస్తుంది. జరిగిన దానికి, ఉన్న దానికి ఆల్దో, దో, ఈవెన్ దో అనే మాటలు వస్తాయి. ఊహించిన దానికి ఈవెన్ ఇఫ్ వస్తుంది: ‘ఈవెన్ ఇఫ్ ఇట్ రెయిన్స్, వీ విల్ గో.’ ఈవెన్ ఇఫ్ పక్కన విల్ పెట్టకుండా ‘రెయిన్స్’ అని వర్తమాన రూపమే రాయడం గుర్తుంచుకోవాలి. మీ తెలుగు వాక్యంలోని ఇనా ఏ జాతిదో తేల్చుకోవడానికి ఒక ఉపాయం ఉంది. ఇనా ఉన్న ముక్క ముందు ‘ఒకవేళ’ అనే మాట చేర్చి చూడండి. ‘ఒకవేళ వర్షం పడినా వెళ్తాము’ సరిపోయింది కాబట్టి ఈవెన్ ఇఫ్. ‘ఒకవేళ వర్షం పడినా వెళ్ళాము’ పొసగలేదు కాబట్టి ఆల్దో.

ప్రశ్నార్థక పదం ఇనాతో జతకడితే కూడా జాగ్రత్త పడాలి. ‘ఎవరు చెప్పినా వినడు’, ‘ఎక్కడికి వెళ్ళినా ఇదే మాట’ అనే వాక్యాల్లో హూఎవర్, వేరెవర్ వంటి మాటలో, ‘నో మేటర్ హూ’ వంటి పదబంధాలో వస్తాయి. ‘వచ్చినా రాకపోయినా’ అని ఇనా రెండుసార్లు వస్తే వెదర్ అనే మాటతో మొదలుపెట్టాలి. ‘కనీసం ఫోనైనా చెయ్యి’ అన్నప్పటి ఐనా అంటే ‘ఎట్ లీస్ట్’. ‘రేపు వచ్చినా రావచ్చు’ అన్నప్పుడు అసలు ఎదురుదనమే లేదు, అది ‘హీ మే కమ్’ అనే చిన్న వాక్యం. ఇన్ని రకాల ఇనాలను తెలుగువాళ్ళు పసితనం నుంచే తడబడకుండా వాడతారు కాబట్టి, వాటిని వేరు చేసుకోవడం నేర్చుకున్నవారికి ఇంగ్లీషు సగం లొంగినట్టే.

ఇక కూడా అనే మాట తెచ్చే తిప్పలు. ‘చదివినా కూడా పాసవలేదు’ అన్నదాన్ని ‘ఈవెన్ ఐ స్టడీడ్, ఐ డిడ్ నాట్ పాస్’ అని రాయడం మనలో బాగా పాతుకుపోయిన పొరపాటు. ఈవెన్ సంయోజకం కాదు, అది ఒంటరిగా రెండు వాక్యాలను కలపలేదు. పైగా ‘ఈవెన్ ఐ స్టడీడ్’ అంటే ‘నేను కూడా చదివాను’ అనే అర్థం వస్తుంది, అంటే మామూలుగా చదవని నేను సైతం చదివానని. ఈవెన్ పక్కన దో ఉంటేనే ‘చదివినా కూడా’ అనే అర్థం నిలుస్తుంది. ఆల్దో కంటే ఈవెన్ దోకు నొక్కు ఎక్కువ. ఆశ్చర్యమో నిష్ఠూరమో కలిసినప్పుడు దాన్ని వాడితే బాగుంటుంది: ‘ఈవెన్ దో ఐ కాల్డ్ హిమ్ టెన్ టైమ్స్, హీ డిడ్ నాట్ ఆన్సర్.’ ఈవెన్, ఆల్దో రెండూ కలిపి మాత్రం రాయకూడదు. ‘యాజ్ దో’ అనేది వేరే కుటుంబానికి చెందినది, దాని అర్థం ‘అన్నట్టు’. ‘ఏమీ తెలియనట్టు మాట్లాడాడు’ అన్నప్పుడు అది వస్తుంది.

వాక్యం లేకపోతే డిస్పైట్

ఆల్దో వెనుక కర్త, క్రియ ఉన్న వాక్యం ఉండాలి. వాక్యం కాక వట్టి నామవాచకం ఉంటే డిస్పైట్ గాని, ఇన్ స్పైట్ ఆఫ్ గాని వాడాలి. తెలుగులోనూ ఈ తేడా లీలగా ఉంది. ‘జ్వరం వచ్చినా బడికి వెళ్ళింది’ అన్నప్పుడు క్రియ ఉంది కాబట్టి ‘ఆల్దో షీ హాడ్ ఎ ఫీవర్, షీ వెంట్ టు స్కూల్.’ ‘జ్వరంలోనూ బడికి వెళ్ళింది’ అన్నప్పుడు క్రియ లేదు కాబట్టి ‘డిస్పైట్ హర్ ఫీవర్, షీ వెంట్ టు స్కూల్.’ ఆఫ్ అనే మాట ఇన్ స్పైట్‌కే చెందుతుంది. ‘డిస్పైట్ ఆఫ్’ అని రాయడం రెండింటినీ కలిపి వండడమే. మన బడుల్లో వాక్యాలను మార్చమని అడిగే ప్రశ్నలకు మూలం కూడా ఇదే: ఒకే విషయాన్ని సింపుల్ వాక్యంగా రాయమంటే ఇన్ స్పైట్ ఆఫ్, కాంప్లెక్స్‌గా రాయమంటే ఆల్దో, కాంపౌండ్‌గా రాయమంటే బట్. రెండు ముక్కలకూ కర్త ఒక్కరే అయినప్పుడు ఆల్దో వెనుక విశేషణం మాత్రమే మిగల్చవచ్చు. ‘ఆల్దో టైర్డ్, షీ ఫినిష్డ్ ద వర్క్’ అంటే ‘అలసిపోయినా పని పూర్తిచేసింది’ అని అర్థం. కర్తలు వేరైతే ఈ పొదుపు పనికిరాదు.

వాక్యం చివర వచ్చే ఆల్దో, దో

ఇంతవరకు ఆల్దోను ముందు పెట్టాము. వెనుక వచ్చినప్పుడు దాని తీరు కొద్దిగా మారుతుంది. ‘ద హోటల్ వాజ్ గుడ్, ఆల్దో ఇట్ వాజ్ ఫార్ ఫ్రమ్ ద స్టేషన్’ అన్నదాన్ని ఇనాతో తెలుగు చేస్తే కృతకంగా ఉంటుంది. ఇలాంటి చోట మన నోట సహజంగా వచ్చే మాట ‘కాకపోతే’: ‘హోటల్ బాగుంది, కాకపోతే స్టేషనుకు దూరం.’ ఒక మాట అనేసి, అది పూర్తిగా నిజం కాదేమోనని కాస్త సవరించుకోవడం ఇక్కడ ఆల్దో చేసే పని. ఈ కాకపోతే వినపడినప్పుడల్లా దాని స్థానంలో ఆల్దో రాయవచ్చు.

దో అనే చిన్న రూపం ఆల్దో చేసే పనులన్నీ చేస్తూ, ఆల్దో చేయలేని మరొక పని కూడా చేస్తుంది. అది వాక్యం చిట్టచివర ఒంటరిగా నిలబడగలదు. ‘ద రైస్ వాజ్ కోల్డ్. ద కర్రీ వాజ్ గుడ్, దో’ అని ఇంగ్లీషువారు అంటే, మనం ‘అన్నం చల్లారిపోయింది. కూర మాత్రం బాగుంది’ అంటాము. ఆ మాత్రం లోని రుచి ఈ చివరి దోలో ఉంది. ఇది మాటల్లోనూ, స్నేహితులకు రాసే సందేశాల్లోనూ చెల్లుతుంది. దరఖాస్తులోనో పరీక్షలోనో వ్యాసం రాసేటప్పుడు ఆల్దో రాయడమే మేలు. ఆల్దోను మాత్రం వాక్యం చివర ఒంటరిగా వదలకూడదు.

చివరగా వర్ణక్రమం, ఉచ్చారణ. ఆల్, దో అనే రెండు మాటలు మధ్యయుగపు ఇంగ్లీషులో కలిసిపోయి ఇది పుట్టింది. విడిగా ఉన్నప్పుడు ఆల్‌లో రెండు ఎల్‌లు ఉన్నా, ఇందులో ఒక్కటే మిగిలింది. ఆల్సో, ఆల్వేస్, ఆల్రెడీ అనే మాటల్లోనూ అంతే. ఏ, ఎల్, టి, హెచ్, ఓ, యు, జి, హెచ్ అని మొత్తం 8 అక్షరాలు, చివరి జి, హెచ్‌లు పలకవు. పలికేటప్పుడు బలం ‘దో’ మీద పడాలి. నాలుక కొసను పై పళ్ళకు తేలికగా ఆనించి, గొంతు మోగుతుండగా గాలి వదిలితే సరైన ధ్వని వస్తుంది. మన ‘ద’ దానికి చాలా దగ్గర. ‘ఆల్థో’ అని ఒత్తి పలకడం తప్పు. దో, త్రూ, థాట్, టఫ్ అనే నాలుగింటినీ కాగితం మీద పక్కపక్కన రాసుకుని ఒకసారి చూసుకోండి. కంటికి అన్నదమ్ముల్లా కనిపించే ఈ మాటల్లో ఒకటి రాయబోయి మరొకటి రాసేవారు నేటికీ తక్కువేమీ కాదు.